దేవతల నగరంలో నైట్ డ్యూటీ

బ్యాంకాక్ వెళ్తున్నానని సెలవు అడిగితే మా మేనేజర్ ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు మీకూ తెలిసే ఉంటుంది. పక్క సీటువాడు కన్ను కొట్టాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి" అంది. వాడికి నన్ను కాపలా పెట్టిందో, నాకు వాణ్ణి కాపలా పెట్టిందో ఇప్పటికీ తేలలేదు.

నిజానికి నా కారణం వేరు. పదకొండేళ్లుగా నాది నైట్ షిఫ్ట్. గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ, ఆరో అంతస్తు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. అమెరికాలో ఎవరి కంప్యూటరో మొరాయిస్తే ఇక్కడ నేను మేలుకుంటాను. సెలవు పెట్టి ఎక్కడికి వెళ్లినా ఒంటికి ఆ అలవాటు పోదు. ఊటీలో ఊరంతా తొమ్మిదింటికే దుప్పటి కప్పుకుంటే, నేను హోటల్ వరండాలో కూర్చుని వీధికుక్కల్ని లెక్కపెట్టాను. అందుకే ఈసారి రాత్రిపూట నాతో పాటు మేలుకుని ఉండే ఊరికే పోదామనుకున్నాను. 2025 ఫిబ్రవరి 11 నుంచి 16 వరకు. రోజూ మధ్యాహ్నం దాకా పడుకునేవాళ్లం కాబట్టి ఇందులో గ్రాండ్ ప్యాలెస్ లేదు, ఏనుగులు లేవు.

మంగళవారం

విమానాశ్రయం పేరే సువర్ణభూమి. బయట బోర్డుల మీద ఊరి పేరు బ్యాంకాక్ అని కనిపించేది మనలాంటివాళ్ల కోసం. వాళ్లు మాత్రం క్రుంగ్ థేప్ అంటారు. థేప్ అంటే దేవుడే, అంటే దేవతల నగరం. పూర్తి పేరు కొండవీటి చాంతాడంత ఉంటుంది. అందులో ఇంద్రుడు ఇచ్చాడనీ, విశ్వకర్మ కట్టాడనీ కూడా ఉంటుంది. మా బావమరిది శీను ఇదంతా విని "సరే బావా, ఆ దేవతలు రాత్రి ఎక్కడుంటారో చెప్పు" అన్నాడు.

హోటల్లో పెట్టెలు పడేసి తొమ్మిదిన్నరకి యావరాత్ చేరాం. ఇక్కడి చైనాబజారు అది. ఆ పేరు వెనక ఉన్నది మన 'యువరాజ' అన్న మాటే. వాట్ మంగ్‌కోన్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే వేడి నూనె వాసన ముఖానికి కొట్టింది. రోడ్డుకి రెండువైపులా నిలువు నియాన్ బోర్డులు, ఎరుపూ పసుపూ, అర్థం కాని చైనా అక్షరాలు. వాటి కింద బంగారం కొట్లు షట్టర్లు దించేశాయి. ఆ షట్టర్ల ముందే పెనాలు పెట్టుకుని వంట మొదలుపెట్టారు. పగలు బంగారం అమ్మే చోటే రాత్రి ఆమ్లెట్ అమ్ముతారన్నమాట. ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ స్టూళ్లు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో లెక్కలేదు. మా బల్ల దగ్గర ముసలాయనా ఆయన మనవరాలూ కూర్చున్నారు. రాత్రి పదిన్నరకి ఆ పిల్ల స్కూల్ యూనిఫాంలోనే చేపల ఉండలు తింటోంది.

ఇక్కడికి రావాలనుకుంటే సోమవారం మానుకోండి. ఆ రోజు రోడ్లు శుభ్రం చేస్తారని చాలా బండ్లు పెట్టరు.

గుల్లల ఆమ్లెట్ తిన్నాం, హోయ్ తోడ్ అంటారు. కింద కరకర, పైన జిగురు, ఆ జిగురు శీనుకి నచ్చలేదు. క్వయ్ చప్ అనే పంది మాంసం పులుసులో మిరియాలు ఎంత ఘాటుగా దంచి వేశారంటే, జలుబు చేసినప్పుడు మా అమ్మ పెట్టే మిరియాల చారు గుర్తొచ్చింది. చివర్లో మామిడిపండు ముక్కలు, జిగురు బియ్యపు అన్నం, పైన కొబ్బరిపాలు. మామిడిని వాళ్లు మమువాంగ్ అంటారు.

అసలు దెబ్బ పన్నెండు దాటాక పడింది. హోటల్ కింద ఉన్న సెవెన్ ఎలెవెన్‌కి బీరు కోసం వెళ్తే ఫ్రిజ్‌కి తాళం. షాపుల్లో రాత్రి పన్నెండు దాటితే మందు అమ్మరు. "పోనీ, రేపు చూద్దాం" అన్నాడు శీను. కౌంటర్‌లో అమ్మాయి చేతులు అడ్డంగా ఊపి "టుమారో నో. మాఖ బుచా" అంది.

మాఖ బుచా ఏమిటో గదికొచ్చి ఫోన్‌లో వెతికితే తెలిసింది. మాఘ పూజ. పన్నెండో తేదీ మాఘ పౌర్ణమి. దేశమంతా ఇరవైనాలుగు గంటలు మద్యం అమ్మకం బంద్.

బుధవారం

పొద్దున్నే అమ్మ ఫోన్. "మాఘ పౌర్ణమిరా, అక్కడ నది ఉందన్నావుగా, తలస్నానం చేసి నీళ్లు నెత్తిన చల్లుకోండి." చావ్ ఫ్రయా రంగు చూసినవాళ్లెవరూ ఆ సలహా ఇవ్వరు. బాత్రూం షవర్ కిందే కానిచ్చాం. ఆ తర్వాత సాయంత్రం దాకా శీను మంచం దిగలేదు.

సాయంత్రం ఆరింటికి స్కైట్రైన్ స్టేషన్లో ఉన్నాం. ఉన్నట్టుండి స్పీకర్లలో ఏదో పాట. నడుస్తున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఫోన్‌లో మాట్లాడుతున్నవాడు కూడా నోరు మూసుకున్నాడు. జాతీయగీతం. రోజూ ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి వేస్తారట. మేమూ నిలబడ్డాం. పాట అయిపోగానే మళ్లీ ఎవరి పరుగు వాళ్లది. నాకు అది మా ఆఫీసులో షిఫ్ట్ మారే గంటలా అనిపించింది. పగటివాళ్లు లాగౌట్, రాత్రివాళ్లు లాగిన్.

బార్లు లేకపోతే ఈ ఊరు రాత్రి ఏం చేస్తుందో చూద్దామని బెంచమబోఫిత్ అనే గుడికి వెళ్లాం. 'పంచమ' అన్న మాటే వాళ్ల నోట్లో 'బెంచమ' అయింది. ఐదో రాముడనే రాజు 1899లో మొదలుపెట్టిన గుడి. గోడలు ఇటలీ నుంచి తెప్పించిన పాలరాయి. పౌర్ణమి వెన్నెల ఆ రాతి మీద పడుతుంటే లైట్లు ఆర్పేస్తే బాగుండుననిపించింది.

బయట పళ్లెంలో ఒక తామర మొగ్గ, మూడు అగరొత్తులు, ఒక కొవ్వొత్తి కలిపి అమ్ముతున్నారు. అవి రెండు చేతుల మధ్య పట్టుకుని గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయాలి. మనలాగే కుడివైపుగా. ఈ తిథినాడే 1,250 మంది భిక్షువులు పిలవకుండానే బుద్ధుడి దగ్గరికి వచ్చి చేరారని కథ. ఇక్కడ చేరినవాళ్లు అంతకంటే ఎక్కువే ఉన్నట్టున్నారు. ఆఫీసు బ్యాడ్జీలు మెడలో వేసుకున్నవాళ్లు, కాలేజీ జంటలు, చంకలో పిల్లలతో అమ్మలు. నెట్టుకోవడం లేదు, అరుపులు లేవు. ముందున్నవాడి చొక్కాకి కొవ్వొత్తి తగలకుండా అందరూ అరచేయి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా కదులుతున్నారు. రెండో చుట్టులో శీను చేతి మీద మైనం కారింది. "అమ్మా" అన్నాడు గాని కొవ్వొత్తి వదల్లేదు.

మూడు చుట్లూ పూర్తయ్యాక వాడు మాట్లాడిన మొదటి మాట: "బావా, రేపు పన్నెండు దాటగానే తెరుస్తారు కదా?"

గురువారం

ఈ రాత్రి గురించి ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

రాత్రి తొమ్మిదికి రాట్చప్రసోంగ్ కూడలి. మన చెవికి రాజప్రసంగం అన్నట్టే వినిపిస్తుంది. చుట్టూ పెద్ద పెద్ద షాపింగ్ మాల్స్, తల మీద స్కైట్రైన్ పట్టాలు. వాటి మధ్య మూలకో హిందూ దేవుడు. ఒక మూల ఎరవాన్ బ్రహ్మ. ఎరవాన్ అంటే ఐరావతమే. అక్కడ హోటల్ కడుతుంటే వరసగా ప్రమాదాలు జరిగాయని 1956లో ఈ గుడి పెట్టారు. మన దేశంలో బ్రహ్మకి గుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ నాలుగు ముఖాలకీ బంతిపూల దండలు భుజాల దాకా ఉన్నాయి. డబ్బు కడితే కిరీటాలు పెట్టుకున్న నర్తకీమణులు మీ తరఫున ఆయన ముందు నాట్యం చేస్తారు.

మేం వచ్చింది ఆయన కోసం కాదు. కొంచెం అవతల, సెంట్రల్‌వరల్డ్ మాల్ ముందు త్రిమూర్తి గుడి ఉంది. ప్రతి గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి ఆ దేవుడు కిందికి దిగొస్తాడనీ, ప్రేమ వరమిస్తాడనీ ఇక్కడి కుర్రకారు నమ్మకం. అదీగాక తెల్లారితే ఫిబ్రవరి 14. ఎంత జనమో ఊహించుకోండి. అందరి చేతుల్లో ఎర్ర గులాబీలు, ఎర్ర అగరొత్తులు. తొమ్మిది గులాబీలు పెట్టాలట. లిప్‌స్టిక్ సరిచేసుకుని మరీ కళ్లు మూసుకుంటున్న అమ్మాయిలు, ఇస్త్రీ చొక్కాల్లో ఒంటరి మగవాళ్లు, ఒకరి చేయి ఒకరు పట్టుకున్న ఇద్దరు అబ్బాయిలు. సరిగ్గా తొమ్మిదిన్నరకి ఒక్కసారిగా అందరూ మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టారు. వెనక మాల్ తెర మీద ఏదో షాంపూ ప్రకటన తిరుగుతూనే ఉంది.

శీనుకి ముప్ఫై రెండేళ్లు. రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్నాం. పక్కకి తిరిగి చూస్తే వాడు లేడు. కాసేపటికి గులాబీల కట్ట పట్టుకుని వచ్చాడు. "ఊరికే బావా, వచ్చాం కదా అని" అన్నాడు. నేనేమీ అనలేదు. అక్కకి చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఇప్పుడు రాసేస్తున్నాను.

అన్ని గులాబీలు ఎక్కడినుంచి వస్తాయో చూద్దామని అర్ధరాత్రి దాటాక పాక్ ఖ్లోంగ్ తలాత్‌కి వెళ్లాం. కాలువ నోటి దగ్గర సంత అని ఆ మాటకి అర్థం. ఊరి పూల మార్కెట్టు, ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది గాని దాని అసలు జోరు అర్ధరాత్రి తర్వాతే. శీను బార్‌కి పోదామన్నాడు. ఒక్క గంట ఇక్కడ తిరిగి పోదామన్నాను. నాలుగింటి దాకా కదల్లేదు.

గులాబీల కట్టలు న్యూస్‌పేపర్లలో చుట్టి ఫుట్‌పాత్ మీద కట్టెలు పేర్చినట్టు పేర్చారు. తోపుడు బండ్లవాళ్లు ఒకటే కేకలు, పక్కకి జరగకపోతే చక్రం కాలి మీద నుంచి పోతుంది. ఆర్కిడ్‌లు, గంపల కొద్దీ బంతిపూలు, రేకలు లోపలికి మడిచిన తామరలు. ఐస్ ముక్కల మధ్య ప్లాస్టిక్ సంచుల్లో తెల్లటి మొగ్గలు కనబడితే వంగి వాసన చూశాను. మల్లెలు! పేరడిగితే ఆ అమ్మి "మలి" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ "మలి" అంది. మన హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో అడిగినా అదేగా చెబుతారు. దండని వాళ్లు మాలై అంటారు. అయితే ఇంత మల్లెపూల మార్కెట్‌లో ఒక్క ఆడమనిషి జడలోనూ పువ్వు లేదు. అన్నీ దేవుడికే, లేదంటే టాక్సీ అద్దానికి.

ఒక చోట ఆరుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని దండలు గుచ్చుతున్నారు. మన దారంతో కట్టే పద్ధతి కాదు, పొడుగాటి ఇనుప సూదికి మొగ్గలు గుచ్చి చివరికి దారం మీదకి లాగుతారు. మధ్యమధ్యలో లేత ఊదారంగు పూలు పెడుతున్నారు. దగ్గరికెళ్లి చూస్తే జిల్లేడు. జిల్లేడు పువ్వేమిటి పెళ్లి దండలో అని బిత్తరపోయాను. వాళ్ల భాషలో దాని పేరు డోక్ రక్. రక్ అంటే ప్రేమ. అందుకే పెళ్లిళ్లకి అది ఉండి తీరాలి. మనవైపు జిల్లేడు వినాయకుడికీ ఆంజనేయుడికీ వేస్తాం. పెళ్లికి సంబంధించి ఉన్నదల్లా, మూడో పెళ్లి అచ్చిరాదని ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టించడం. ఈ సంగతి ఆ అమ్మలకి చెప్పాలని ఎంత సరదా పుట్టిందో! సైగలతో ప్రయత్నించాను. మూడు వేళ్లు చూపించి, మెడ చూపించి, పువ్వు చూపించాను. నాకు ముగ్గురు పెళ్లాలని అర్థం చేసుకుని పడీ పడీ నవ్వారు. ఒకావిడ శీనుని చూపించి ఏదో అడిగింది. సున్నా అని చూపించాడు. మళ్లీ నవ్వులు. చివరికి వాడి చేతికి చిన్న దండ ఒకటి తొడిగి డబ్బు తీసుకోలేదు.

మూడు గంటలప్పుడు ఒకడు బండి ఆపి గులాబీల గుట్ట మీదే వెల్లకిలా పడుకుని కునుకు తీశాడు. పది నిమిషాలకి ఎవరో కాలితో తట్టి లేపారు. ఆ కునుకు నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో రెండున్నరకి బాత్రూంలో తీసే కునుకు అది.

శుక్రవారం

రాట్చడమ్నోన్ స్టేడియం పక్కన నిప్పుల మీద కాల్చిన కోడి, సోమ్ తమ్ అమ్మే హోటళ్లు ఉన్నాయి. సోమ్ తమ్ అంటే పచ్చి బొప్పాయి తురుముని రోట్లో వేసి మిరపకాయలతో దంచడం. స్పైసీనా అని అడిగింది పిల్ల. గుంటూరు జిల్లావాళ్లని అడగాల్సిన ప్రశ్నేనా అది? "స్పైసీ, స్పైసీ" అన్నాం ఇద్దరం. వేలి చివరంత మిరపకాయలు. రెండో ముద్దకి శీను చెవులు ఎర్రబడ్డాయి. నాకు కన్నీళ్లు. ఆ పిల్ల అడక్కుండానే ఐస్ నీళ్లు తెచ్చి పెట్టి వెళ్లింది. ఇద్దరం పరువు కోసం ప్లేటు ఖాళీ చేశాం.

స్టేడియం 1945 నాటిది. మువాయ్ థాయ్, అంటే వాళ్ల బాక్సింగ్, పోటీల్లో కొట్లాట కంటే దాని ముందుండేది నాకు నచ్చింది. బాక్సరు తలకి తాడులాంటిది కట్టుకుని బరిలోకి వస్తాడు. దాన్ని మోంగ్‌ఖోన్ అంటారు, మన మంగళమే. బరిలో నాలుగు మూలలా తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, గురువుకి నెమ్మదిగా నాట్యంలా వందనం చేస్తాడు. సన్నాయిలాంటి వాద్యం, డోళ్లు, చిన్న తాళాలు. పోటీ మొదలయ్యాక కూడా ఆ మేళం ఆగదు. దెబ్బలు పెరిగేకొద్దీ సన్నాయి కూడా ఉరుకుతుంది. మామూలుగా మూడేసి నిమిషాల రౌండ్లు ఐదు. మోకాలు పక్కటెముకలకి తగిలినప్పుడల్లా గ్యాలరీ మొత్తం "ఓయ్!" అంటుంది. మూడో పోటీకి మేమూ అంటున్నాం.

అక్కణ్ణుంచి ఖావ్ సాన్ రోడ్. ఆ పేరుకి అర్థం బియ్యం. ఒకప్పుడు బియ్యం వ్యాపారం జరిగిన వీధి. ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లలో మందు అమ్ముతారు. బకెట్ అంటే నిజంగా పిల్లలు ఇసుకలో ఆడుకునే బకెట్టే, నాలుగు స్ట్రాలు వేసి ఇస్తారు. అటు బార్‌లో ఒక పాట, ఇటు బార్‌లో ఇంకో పాట, రోడ్డు మధ్య నిలబడితే రెండూ కలిసి గుండెలో కొడతాయి. వేయించిన తేళ్లని పుల్లలకి గుచ్చి తిప్పుతున్నారు. తినకపోయినా ఫోటో తీస్తే పది బాట్లు, అంటే మన ఇరవై ఐదు రూపాయల పైనే. నాకు అరగంటకే తలనొప్పి వచ్చింది. మన పెళ్లి ఊరేగింపు డీజే వెనక నాలుగొందల మీటర్లు నడిచినట్టుంది. శీనుకి మాత్రం మూడు రోజుల ఆకలి తీరింది. ఎవరో కొరియా కుర్రాళ్లతో కలిసి రెండు గంటలు ఎగిరాడు. నేను పక్క సందులో, రామ్‌బుత్రి అంటారు, ఒక గిటార్ వాయించే అతని ఎదురుగా కూర్చుని ఒకే బీరుతో ఆ రెండు గంటలూ గడిపాను. వచ్చినవాళ్లు ఖావ్ సాన్ ఒక్కసారి చూసి రామ్‌బుత్రిలో కూర్చోండి. ఇది నా మాట, శీను ఒప్పుకోడు.

శనివారం

చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఆకాశమంత ఎత్తున్న ఒక రూఫ్‌టాప్ బార్‌కి వెళ్తే శీను నిక్కరు, నా చెప్పులు చూసి లిఫ్ట్ దగ్గరే ఆపేశారు. తప్పు మాదే, ఇలాంటి చోట్ల ప్యాంటూ బూట్లూ ఉండాలని ఎవర్నడిగినా చెబుతారు. ఆ చిరాకులో రోడ్డు మీద నడుస్తుంటే ఒకడు కార్డు చూపించాడు. బీరు వంద బాట్లే, పైకి రమ్మన్నాడు. పైకి వెళ్లాం. చెరొక బీరు తాగి లేచేసరికి బిల్లు మూడు వేలు. ఏవేవో చార్జీలట. తలుపు దగ్గర ఇద్దరు పహిల్వాన్లు నిలబడ్డారు. టెన్షన్‌తో శీను తెలుగులోనే బతిమాలాడు. చివరికి పన్నెండొందలిచ్చి బయటపడ్డాం. మేనేజర్ నవ్విన నవ్వు మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.

శీను గదికి పోయి పడుకున్నాడు. నాకు నిద్ర ఎక్కడిది? రెండున్నరకి హోటల్ వెనక సందులో ట్యూబ్‌లైట్ వెలుగుతున్న ఒక కొట్టు కనిపించింది. ఖావ్ తోమ్, అంటే వేడి వేడి గంజి అన్నం. పక్కన ఉప్పు గుడ్డు, ఊరబెట్టిన ఆవాకు, మంటెక్కిన మూకుట్లో ఒక్క నిమిషం వేయించిన ఆకుకూర. ఫాక్ బుంగ్ అంటారు. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, మా చెరువు గట్టున పెరిగే తూటికూర. చిన్నప్పుడు మేం దాన్ని పట్టించుకునేవాళ్లమే కాదు.

చుట్టూ ఉన్నవాళ్లంతా డ్యూటీ దిగినవాళ్లో, డ్యూటీ మధ్యలో వచ్చినవాళ్లో. నారింజరంగు చొక్కాల మోటార్ సైకిల్ టాక్సీవాళ్లు, మేకప్ తుడుచుకుంటున్న ఇద్దరమ్మాయిలు, టోపీ బల్ల మీద పెట్టిన సెక్యూరిటీ గార్డు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఆ గార్డు తన ప్లేట్లో మిగిలిన తూటికూర నా వైపు జరిపి తినమన్నట్టు తలాడించాడు. నేను నా ఉప్పు గుడ్డు సగం కోసి ఇచ్చాను.

ఆదివారం

విమానం రాత్రికి. సువర్ణభూమిలో చెకిన్ అయి లోపలికి వెళ్లగానే క్షీరసాగర మథనం, బస్సంత పొడుగు శిల్పం. వాసుకిని చుట్టి అటు దేవతలు, ఇటు రాక్షసులు లాగుతున్నారు, పైన విష్ణుమూర్తి. జనం దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. ఎండిపోయిన మల్లెదండ శీను చేతికి ఇంకా ఉంది, గోధుమరంగుకి తిరిగింది.

వాడు శిల్పాన్ని చాలాసేపు చూశాడు.

"బావా, ఇందులోంచి అమృతం ఒక్కటేనా వచ్చింది?"

"విషం, కామధేనువు, లక్ష్మి, ఐరావతం, ఇంకా చాలా."

"వారుణి కూడా వచ్చింది. మద్యానికి దేవత. మా తెలుగు మాస్టారు చెప్పారు" అని గడియారం చూసుకున్నాడు. "అంత కష్టపడి చిలికిన ఊరివాళ్లు, పౌర్ణమి పూట తాళం వేస్తారా?"

నా ఫోన్ మోగింది. సోమవారం షిఫ్ట్ రోస్టర్. సాయంత్రం ఆరున్నర.